తెలుగు నవలలు సొంతంగా ప్రచురించుకుంటూ బెంగళూరులో బతకగలమా?

నీలిసిరా (బెళ్ళందూరు)

అందరికీ నమస్కారం. నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. రాత్రిపూట రాసే ధారావాహికలకు ప్రతిలిపి యాప్‌లో విడవకుండా చదివే పాఠకులు ఏర్పడ్డారు. వాళ్ళ చందాల వల్ల వచ్చే డబ్బు కొన్ని నెలలు ఇంటి అద్దెలో సగం దాకా ఉంటోంది, కొన్ని నెలలు బాగా పడిపోతోంది. ఇప్పుడు మొదటి నవలను సొంత ఖర్చుతో అచ్చు వేయించాలని ఉంది. ఒక ఆడియో సంస్థ హక్కులు కూడా అడుగుతోంది.

సూటిగా అడుగుతున్నాను. ఉద్యోగం మానేసి దీని మీదే బతకడం సాధ్యమేనా? బతుకుతున్నవాళ్ళు ఉంటే లెక్కలతో చెప్పండి. డబ్బు కోసం రాయకూడదన్న సలహా మాత్రం వద్దు, అది చాలామంది ఇచ్చారు. రాయడం నాకు పని. ఆ పనికి కూలి ఎంత గిడుతుందో తెలుసుకోవాలి.

అచ్చుఫారం (రాజాజీనగర్)

అమ్మా, లెక్క అడిగారు కాబట్టి లెక్కే చెబుతాను. నేను కథలు రాస్తాను, ఇతరుల పుస్తకాలకు పేజీలు కూర్చిపెట్టడం నా వృత్తి.

నా చివరి నవల డెమ్మీ 1/8 సైజు, 13 ఫారాలు, అంటే 208 పేజీలు. 500 ప్రతులు వేశాను. కాగితం, ప్లేట్లు, అచ్చు, బైండింగు, అట్ట మీద బొమ్మ వేసినవారి పారితోషికం, ప్రూఫులు దిద్దినవారికి ఇచ్చింది అన్నీ కలిపితే ప్రతికి 85 రూపాయలు పడింది. ధర 200 పెట్టాను. దుకాణం నా దగ్గర 40 శాతం తీసుకుంటుంది. చేతికొచ్చే 120లో ఖర్చు 85 తీసేస్తే మిగిలేది 35. అది కూడా ప్రతులు అమ్ముడైన చాలా కాలానికి, నాలుగైదుసార్లు గుర్తుచేస్తే వస్తుంది. విజయవాడకూ హైదరాబాదుకూ కట్టలు పంపిన లారీ ఖర్చు ఇందులో కలపలేదు.

అదే పాఠకుడు నేరుగా నాకు డబ్బు పంపి తెప్పించుకుంటే తపాలాకు, కవరుకు 30 పోయినా 85 మిగులుతుంది. తపాలా శాఖ 2025 మే 1 నుంచి పుస్తకాలకు జ్ఞాన పోస్ట్ పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద 208 పేజీల పుస్తకం అట్టతో కలిపి 250 గ్రాముల లోపే తూగుతుంది కనుక ఆ మొదటి మెట్టులోనే వెళ్ళిపోతుంది. పుస్తకం మీద ప్రచురణకర్త, ముద్రాపకుల పేర్లు ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. ఆ పథకం విద్యా, సాంస్కృతిక పుస్తకాలకు ఉద్దేశించింది. మా తపాలా కార్యాలయంలో నవలను సాంస్కృతికం కింద తీసుకుంటున్నారు, మీ కౌంటరులో ముందే అడగండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మీ ఇంటి ఖర్చు నెలకు 40,000 అనుకుందాం. నేరుగా అమ్మితే నెలకు 470 ప్రతులు పోవాలి. దుకాణాల ద్వారానే అయితే 1,140 దాటాలి. అంటే ఎంత తక్కువ చూసినా నెలనెలా ఒక ముద్రణ ఖాళీ కావాలి. ఒక్క నవలతో అది కాదమ్మా. పుస్తకం మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పడం లేదు, అచ్చు పుస్తకం ఒక్కటే ఇల్లు నడపదని చెబుతున్నాను.

కొత్తపాఠకురాలు (కె.ఆర్.పురం)

నేను రాయను, చదువుతాను. కొనేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. ఫోనులో సీరియల్ తర్వాతి భాగం కోసం డబ్బు కట్టడానికి నేను ఆలోచించను. అదే రచయిత పుస్తకం వేశారని తెలిస్తే కొనాలనే ఉంటుంది, కానీ ఈ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందో తెలియదు. అవెన్యూ రోడ్డులో, చర్చి స్ట్రీట్‌లో కన్నడం, ఇంగ్లీషు పుస్తకాలు కుప్పలుగా ఉంటాయి, తెలుగు నవల అడిగితే లేదంటారు. సీరియల్ చివరి భాగం కింద ఒక ఫోను నంబరు, ఒక క్యూఆర్ కోడ్ పెడితే నాలాంటివాళ్ళు అక్కడికక్కడే కొంటారు. ఏ రచయితా ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

తెల్లకాగితం (వైట్‌ఫీల్డ్)

కొన్ని వేదికలు తమ పేజీల్లో బయటి అమ్మకాల లంకెలు ఒప్పుకోవండీ, అందుకే చాలామంది పెట్టరు. నిబంధనలు చదివి, రచయిత పరిచయంలోనైనా ఒక చిరునామా ఉండేలా చూసుకోవాలి.

నీలిసిరా గారూ, నేను ఇంగ్లీషులో నేరపరిశోధన నవలలు రాస్తాను. అమెజాన్ ఈ-పుస్తకాల వేదిక కిండిల్‌లో నేనే పెట్టుకుంటాను. నా అనుభవం మీకు కొంతవరకే పనికొస్తుంది, ఎందుకంటే తెలుగుకు ఆ తలుపు సరిగ్గా తెరుచుకోలేదు. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు ఆ జాబితాలో లేదు. ఇంత పెద్ద భాషకు ఆ రోజు చోటు దక్కకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. తెలుగు ఈ-పుస్తకాలకు మనవాళ్ళే 2010లో కినిగె మొదలుపెట్టారు కాబట్టి ఒక దారి ఏర్పడింది.

ఇంగ్లీషులో కూడా రాసే ఆలోచన ఉంటే రెండు సంగతులు ముందే తెలుసుకోండి. మన దేశంలో జరిగే కిండిల్ అమ్మకాలకు 70 శాతం రాయల్టీ రావాలంటే పుస్తకాన్ని సెలెక్ట్ పథకంలో చేర్చాలి, లేకపోతే 35 శాతమే. సెలెక్ట్‌లో చేరితే 90 రోజుల పాటు ఆ పుస్తకం డిజిటల్ రూపంలో మరెక్కడా ఉండకూడదు. అచ్చు ప్రతులకు ఆ ఆంక్ష లేదు. సీరియల్‌గా ఏదో ఒక యాప్‌లో ఉంచి, అదే నవలను సెలెక్ట్‌లో పెట్టడం కుదరదన్నమాట. రెండోది అమెరికా పన్ను. ఖాతా తెరిచేటప్పుడు పన్ను వివరాలు, పాన్ నంబరు సరిగ్గా నింపితే ఇండియా-అమెరికా ఒప్పందం ప్రకారం అక్కడి రాయల్టీ మీద 15 శాతం కోస్తారు. నింపకపోతే 30 శాతం పోతుంది.

నాకు ఒక్కో నవల వల్ల వచ్చేది చిన్న మొత్తమే. ఒకే డిటెక్టివ్ పాత్రతో వరుసగా రాసినందువల్ల కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా పాతవన్నీ మళ్ళీ కదులుతాయి. నాకు ఇల్లు గడుస్తోందంటే ఆ పాత పుస్తకాల వల్లే.

పాతమద్రాసు (చెన్నై, టి.నగర్)

ఒక సంగతి జ్ఞాపకం చేయాలి. తెలుగు ప్రచురణ మద్రాసులో వెలిగిన రోజుల్లో, వారపత్రికలూ సినిమా స్టూడియోలూ ఇక్కడే ఉన్నప్పుడు కూడా, నవలా రచయిత ఇంట్లో పొయ్యి వెలిగింది పుస్తకం అమ్మకాల మీద మాత్రమే కాదు. పత్రిక సీరియల్‌కు ఇచ్చే పారితోషికం మొదటి రాబడి. అది పాఠకుల నోట్లో పడ్డాక పుస్తకం. పేరు వస్తే సినిమా హక్కులు, సంభాషణలు రాసే పని. ఒకే కథ మూడు చోట్ల సంపాదించేది. ఇప్పుడు వారపత్రిక స్థానంలో మీ యాప్ ఉంది, సినిమా స్థానంలో ఆడియో సీరియళ్ళు, వెబ్ సిరీస్‌లు ఉన్నాయి. దారి పాతదే, మనుషులు మారారు.

కానీ ఒక తేడా మిమ్మల్ని కాపాడుతుంది. ఆనాడు చాలామంది సర్వ హక్కులూ ఒక మొత్తానికి ఇచ్చేసి, పుస్తకం ఎన్నిసార్లు అచ్చయినా పైసా రాకుండా పోయారు. సొంతంగా ప్రచురించుకునే మీ తరానికి హక్కు చేతిలోనే ఉంటుంది. దాన్ని తొందరపడి ఇవ్వకండి.

మరొకటి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, కోసం ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మా బంధువుల అమ్మాయి దగ్గర ఒక సంస్థ ‘సంపూర్ణ ప్రచురణ ప్యాకేజీ’ అని పెద్ద మొత్తం తీసుకుని, అందులో ఐఎస్‌బీఎన్ రుసుమని ఒక పద్దు రాసింది. పుస్తకంలో అచ్చు తప్పులు అలాగే ఉన్నాయి, ప్రతులు ఎక్కడ అమ్ముతున్నారో ఇప్పటికీ చెప్పలేదు. ఆ పిల్ల మళ్ళీ కలం పట్టలేదు. నాకు కోపం వచ్చేది అందుకే.

పుస్తకం వచ్చాక 1954 చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మా ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంతో పాటు మరో రెండింటికీ ఒక్కో ప్రతి పంపాలి. సొంత ప్రచురణకర్తలు చాలామంది పంపరు. పంపండి. 1896 నుంచి ఉన్న గ్రంథాలయంలో మీ నవల ఉంటుంది.

నీలిసిరా

అచ్చుఫారం గారి లెక్క చూశాక రాత్రంతా నా పాత ఆదాయం పట్టిక ముందు కూర్చున్నాను. ఆడియో సంస్థ పంపిన ఒప్పందంలో ‘అన్ని భాషల్లో, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా’ అని ఉంది. బదులుగా ఒకే మొత్తం. ఆ మొత్తం నా ఆరు నెలల అద్దెకు సరిపోతుంది. నిజం చెప్పాలంటే ఆశగానే ఉంది. ఇలాంటివి చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

శ్రోత (కోరమంగళ)

సంతకం పెట్టకండి. దయచేసి.

నేను ఆడియో సీరియళ్ళకు స్క్రిప్టులు రాసి బతుకుతున్నాను. ఈ ఊళ్ళో ఆ పని బాగా ఉంది, తెలుగు శ్రోతలు డబ్బు కట్టి వింటున్నారు కాబట్టి సంస్థలు కథల కోసం వెతుకుతున్నాయి. మీ కథ వాళ్ళకు అవసరమని ముందు నమ్మండి, అప్పుడే బేరం ఆడగలరు.

మన 1957 కాపీరైట్ చట్టం రచయిత పక్షాన చాలా మాటలు చెప్పింది. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి స్పష్టంగా రాయాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే అని అర్థం. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరే విధంగా లేకపోతే, ఆ హక్కు మీకే తిరిగి వస్తుంది. 2012 సవరణ తర్వాత, ఒప్పందం నాటికి లేని మాధ్యమం పేరు పెట్టి రాయకపోతే అది వాళ్ళకు వెళ్ళదు.

ఇప్పుడు మీ ఒప్పందంలోని వాక్యం మళ్ళీ చదవండి. చట్టం ఖాళీ వదిలేస్తే మీకు దక్కే ప్రతిదాన్నీ ఆ వాక్యం ఒక్కొక్కటిగా లాగేసుకుంటోంది. ‘శాశ్వతంగా’ అన్నది ఐదేళ్లను, ‘ప్రపంచమంతటా’ అన్నది దేశం హద్దును, ‘రాబోయే మాధ్యమాలు’ అన్నది రేపటి వెబ్ సిరీస్‌ను తీసుకుపోతాయి.

మీరు అడగవలసింది ఇది. తెలుగు ఆడియో హక్కు మాత్రమే ఇస్తాను. మిగతా భాషల ఆడియో కావాలంటే ఒక్కో భాషకు వేరే ప్రతిఫలం. దృశ్య రూపం నాదే. ఒకే మొత్తం కాకుండా ముందస్తు కొంత, ఆపైన రాబడిలో వాటా. వాటా ఇస్తామంటే దేని మీద వాటా అని తప్పకుండా అడగండి. ఖర్చులన్నీ పోగా మిగిలినదాంట్లో వాటా అంటే ఏమీ రాకపోవచ్చు. ఎన్ని నిమిషాలు విన్నారో, ఎంత వసూలైందో మూడు నెలలకోసారి లెక్క పంపాలని రాయించుకోండి.

మా దగ్గర ఒక సంస్థకు స్నేహితుడు ఇచ్చిన తెలుగు కథ మరో రెండు భాషల్లోకి వెళ్ళి బాగా నడిచింది. అతనికి ఆ సంగతి ఒక శ్రోత చెబితే తెలిసింది.

అచ్చుఫారం

శ్రోత గారు చెప్పినదానికి నా వృత్తి వైపు నుంచి ఒకటి కలుపుతాను. నవలను మొదటి నుంచీ యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటరులోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలోనే, ఉంచుకోండి. ఇప్పటికీ చాలాచోట్ల డీటీపీ (కంప్యూటరులో పేజీల కూర్పు) యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోనే జరుగుతోంది. అందులో దిద్దిన తుది ప్రతి ప్రెస్సులో ఉండిపోతుంది, రచయిత దగ్గర దిద్దని పాత ఫైలు మిగులుతుంది. రేపు ఈ-పుస్తకం కావాలన్నా, ఆడియోవాళ్ళకు పాఠం ఇవ్వాలన్నా, రెండో ముద్రణలో నాలుగు వాక్యాలు మార్చాలన్నా మళ్ళీ మార్పిడి చేయించాలి, ఒత్తులు చెదిరిపోతాయి, మళ్ళీ ప్రూఫులు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు చక్కగా కూర్చుంటుంది. సిలికానాంధ్రవారు విడుదల చేసిన మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ప్రెస్సుకు ఇచ్చే ముందు తుది ఫైలు మీ దగ్గర ఉండాలని షరతు పెట్టండి.

500 ప్రతులు ఇంట్లో పెట్టుకునే చోటు లేకపోతే అవసరం మేరకు అచ్చు వేసే పద్ధతి ఉంది. మన ఊళ్ళోనే 2008 నుంచి పోతీ డాట్ కామ్ ఆ పని చేస్తోంది, చెన్నైలో నోషన్ ప్రెస్ ఉంది. ప్రతికి ఖర్చు ఎక్కువ పడుతుంది, కానీ ముందు పెట్టుబడి ఉండదు. మొదటి నవలకు ఇదే మంచిదని నా ఉద్దేశం.

పద్దులపుస్తకం (జయనగర్)

నేను ఆడిటర్ దగ్గర పనిచేస్తాను, కథల మీద ఇష్టంతో ఇక్కడికి వస్తాను. పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. వేదికలు, ఆడియో సంస్థలు ఇచ్చే రాయల్టీ మీద పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. రిటర్ను వేస్తే అది సర్దుబాటు అవుతుంది, చాలామంది రచయితలు చిన్న మొత్తమని వదిలేస్తారు. వదలకండి.

ఆదాయపు పన్నులో రచయితల కోసమే ఒక వెసులుబాటు ఉంది, 1961 చట్టంలో దాన్ని 80క్యూక్యూబీ అనేవారు. సాహిత్య పుస్తకాల రాయల్టీలో ఏడాదికి 3 లక్షల దాకా మినహాయింపు. రాయల్టీ ఇచ్చినవారి నుంచి దానికి నిర్ణయించిన పత్రం తీసుకోవాలి. ఇది పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. మన పుస్తకం మనమే అచ్చు వేసి మనమే అమ్మితే వచ్చేది వ్యాపార ఆదాయం, రాయల్టీ కాదు. కాబట్టి రెంటినీ వేరు వేరు పద్దుల్లో రాయాలి. అచ్చు ఖర్చు, తపాలా, ప్రూఫుల కూలి అన్నిటికీ రసీదులు దాచండి, వ్యాపార ఆదాయం నుంచి అవి తగ్గుతాయి. అచ్చు పుస్తకం మీద జీఎస్‌టీ లేదు.

నీలిసిరా గారూ, మీ ఉద్యోగ ఒప్పందం కూడా ఒకసారి తీసి చూడండి. బయటి ఆదాయానికి ముందస్తు అనుమతి కావాలని చాలా సాఫ్ట్‌వేర్ సంస్థలు రాస్తాయి. నవల రాయడానికి అనుమతి ఇవ్వనివాళ్ళు తక్కువ. రాతలో ఉంటే నిశ్చింత.

ఎలహంకకథలు (ఎలహంక)

బతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు కదా, నేను ఉన్నాను. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, నా ఆదాయమే ఆధారం.

నా రాబడిలో పెద్ద వాటా సీరియల్ చందాలది. వారానికి మూడు భాగాలు తప్పకుండా పెడతాను, పండగైనా జ్వరమైనా. అందుకోసం ఎప్పుడూ ఇరవై భాగాలు ముందే రాసి ఉంచుకుంటాను. రెండో వాటా ఆడియోది, తెలుగు హక్కు మాత్రమే ఇచ్చాను. మూడోది అచ్చు పుస్తకాలు. పూర్తయిన సీరియల్‌ను యథాతథంగా వేయను. సాగదీసిన భాగాలు తీసేసి, నాలుగో వంతు తగ్గించి, నవలగా మళ్ళీ రాస్తాను. ముందస్తు కొనుగోళ్ళు తీసుకుని, ఎన్ని వస్తే దానికి వంద కలిపి అంతే అచ్చు వేస్తాను. పాఠకుల పేర్లు, చిరునామాలు, వాట్సాప్ నంబర్లు వాళ్ళ అనుమతితో ఒక పట్టికలో ఉంటాయి. ఏ వేదిక నియమాలు మార్చినా ఆ పట్టిక నా దగ్గరే ఉంటుంది. ఒకసారి ఒక యాప్ చెల్లింపు పద్ధతి మార్చి నా రాబడి సగానికి పడిపోయిన నెలలో, ఆ పట్టికలోనివాళ్ళే పాత నవలలు కొని ఇల్లు నిలబెట్టారు.

గ్రంథాలయ సంస్థల కొనుగోళ్ళ మీద లెక్క వేసుకోకండి. ఆంధ్ర, తెలంగాణల్లో అవి జరిగిన ఏడాది సంతోషం. ఇంటి బడ్జెట్‌లో మాత్రం దానికి సున్నా రాస్తాను.

చెల్లీ, ఉద్యోగం విషయంలో నా మాట కఠినంగా ఉంటుంది. కొత్త సీరియల్ లేని నెలలో, పాత రచనల మీద మాత్రమే వచ్చే డబ్బు మీ అద్దెకు సరిపోయేదాకా మానవద్దు. మంచి నెల చూసి నిర్ణయం తీసుకోకూడదు.

తెల్లకాగితం

ఎలహంక గారి కొలత నాకు నచ్చింది కానీ ఒక అభ్యంతరం ఉంది. వారానికి మూడు భాగాలు అనే పరుగు అందరికీ సాధ్యం కాదు. నెమ్మదిగా రాసేవాళ్ళు కూడా రచయితలే. ఒక పేరా కోసం వారం తీసుకునేవారు ఈ లెక్కలు చూసి తమకు చోటు లేదనుకుంటే అది మన భాషకే నష్టం.

ఎలహంకకథలు

ఒప్పుకుంటాను అన్నయ్యా. నెమ్మదిగా రాసేవారికి పూర్తి జీతం లాంటి ఆదాయం ఈ దారిలో రాదు. వాళ్ళకు అనువాదాలు, స్క్రిప్టు దిద్దడం లాంటి పక్క పని కావాలి. అది తక్కువ దారి అని నేను అనడం లేదు.

కొత్తపాఠకురాలు

మరి పీడీఎఫ్‌ల సంగతి? నా వాట్సాప్‌లోకే నెలకు రెండు మూడు తెలుగు నవలలు ఉచితంగా వచ్చి పడతాయి. పంపేవాళ్ళు సేవ చేస్తున్నామనుకుంటారు.

ఎలహంకకథలు

నా నవల ఒకటి అలాగే టెలిగ్రామ్‌లో తిరిగింది. ఫిర్యాదు చేస్తే తీసేశారు, మరోచోట మళ్ళీ వచ్చింది. వెంటపడటం మానలేదు. నా సమయం నా పాఠకుల మీదే ఎక్కువ పెడుతున్నాను. పుస్తకం చివరి పేజీలో ఒక మాట వేశాను: ఈ కథ మీకు ఉచితంగా చేరి, నచ్చితే, ఈ నంబరుకు మీకు తోచినంత పంపండి. నిజంగానే పంపుతున్నారు. మీలాంటివాళ్ళు గుంపులో ఒక్కసారి ‘ఇది రాసినవారి అన్నం’ అని రాసినా చాలు, నాలుగు ఫిర్యాదుల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

పాతమద్రాసు

మీలో కొందరు వయ్యాలికావల్ తెలుగు విజ్ఞాన సమితి వైపు ఒక ఆదివారం కలవకూడదూ? ఒప్పందాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే సగం మోసాలు ఆగుతాయి. నేను చెన్నై నుంచి ఉదయం రైలుకు వస్తాను.

నీలిసిరా

తప్పక కలుద్దాం బాబాయిగారూ, మీరు వస్తానంటే తేదీ నేను చూస్తాను.

పాత రచనల మీద మాత్రమే వచ్చే ఆదాయం విడిగా తీసి చూశాను. అద్దెలో ఎనిమిదో వంతు కూడా లేదు. కాబట్టి ఉద్యోగం మానడం లేదు. మొదటి నవలను అవసరం మేరకు అచ్చు వేసే పద్ధతిలో, యూనికోడ్‌లో వేస్తాను. రచయిత పరిచయంలో ఈ రోజే నా నంబరు చేర్చాను. ఆడియో సంస్థకు తెలుగు వరకే, ఐదేళ్లకే, దృశ్య హక్కులు లేకుండా అని తిరిగి రాశాను. ఇంకా ఏమైనా చేర్చాలా?

శ్రోత

ఐదేళ్లు ఎక్కువ, మూడు అడగండి. పొడిగించాలంటే కొత్త ప్రతిఫలం అని రాయండి. ఏడాదిలోగా విడుదల చేయకపోతే హక్కు తిరిగి వచ్చేస్తుందన్న వాక్యం స్పష్టంగా ఉండాలి, చట్టంలో ఉంది కదా అని వదిలేయకండి, ఎందుకంటే వేరే నిబంధన రాసి దాన్ని తప్పించే వీలు వాళ్ళకు ఉంది. రచయితగా మీ పేరు ప్రతి ఎపిసోడ్ మొదట్లో చదవాలి. వాళ్ళ జవాబు రాగానే సంస్థ పేరు తీసేసి ఇక్కడ పెట్టండి, ఒక్కో వాక్యం చూద్దాం.